తండ్రి పేరు దగ్గర అడ్డగీత

పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు. ముత్తాత పేరు దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో తడబాటు మొదలవుతుంది. వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన అందిస్తే గండం గడుస్తుంది. మనకు ముత్తాత పేరు గుర్తులేకపోవడమే పెద్ద లోటుగా అనిపిస్తుంది. మరి తండ్రి పేరే తెలియని మనిషి సంగతేమిటి? ఆ ఒక్క పేరు కోసం ఏళ్ల తరబడి పాత కాగితాలు తిరగేసేవాళ్లు ఇంగ్లండులో చాలామంది ఉన్నారు.

అక్కడ వంశవృక్షం గీసుకోవడం ఒక మంచి వ్యాపకం. ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లై కాస్త తీరిక దొరికిన ఆడవాళ్లు పాత రికార్డుల ఆఫీసుల్లో కూర్చుని చర్చి పుస్తకాలు, జనాభా లెక్కలు చూసుకుంటూ వెనక్కి వెళతారు. అలా వెళుతూ వెళుతూ ఒక తరం దగ్గర ఆగిపోతారు. ఏ అమ్మమ్మదో, తాతదో జనన పత్రం చేతికి వస్తుంది. తల్లి పేరు ఉంటుంది. ఊరు ఉంటుంది, తేదీ ఉంటుంది. తండ్రి గడిలో మాత్రం ఒక అడ్డగీత.

చదువుతూ పోయిన కొద్దీ నాకు అర్థమైంది ఇది. ఆ గీత చూసి "తండ్రి ఎవరో తెలియదు" అనుకుంటాం. కానీ ఆ తల్లికి తెలుసు. చాలాసార్లు ఊరికీ తెలుసు. ఆ పేరు రాయాలా వద్దా అన్నది మాత్రం వందల ఏళ్ల పాటు ఒకే లెక్క మీద నడిచింది. ఆ బిడ్డ తిండి ఖర్చు ఎవరి నెత్తిన పడాలి అన్న లెక్క.

ఈ విషయం మీద నాకు ఆసక్తి పుట్టించింది కేథరిన్ కుక్సన్ అనే రచయిత్రి. ఇంగ్లండు ఈశాన్యంలో సౌత్ షీల్డ్స్ దగ్గర టైన్ డాక్ అనే రేవుపేటలో 1906 జూన్ 20న పుట్టింది. రిజిస్టరులో మాత్రం జూన్ 27 అని ఉంటుంది. అంటే ఆమె కాగితాల్లో మొదటి అబద్ధం పుట్టిన తేదీ దగ్గరే మొదలైంది. అమ్మమ్మ రోజ్, ఆవిడ రెండో భర్త జాన్ కలిసి ఆమెను పెంచారు. వాళ్లే తన తల్లిదండ్రులు అనుకుంది. ఇంట్లో ఉండే కేట్ తన అక్క అనుకుంది. కేట్ అక్క కాదు, కన్నతల్లి అని వీధిలో తోటిపిల్లల నోటి వెంట విన్నది. పెద్దవాళ్లు గుట్టుగా దాచుకున్న మాట వీధిలో పిల్లలకి ఎలా చేరుతుందో గానీ, అది ఏ దేశంలోనైనా చేరుతుంది.

కేట్ ఇళ్లలో, సత్రాల్లో పనిచేసిన మనిషి. తర్వాత తాగుడికి అలవాటు పడింది. కేథరిన్ చిన్న వయసులోనే చదువు మానేసి ఇళ్లలో పనికి కుదిరింది. తర్వాత వర్క్‌హౌసులో, అంటే దిక్కులేనివాళ్లకి తిండి పెట్టి పని చేయించుకునే ఆశ్రయంలో, బట్టలుతికే విభాగంలో చేరింది. ఆ తర్వాత దక్షిణాన హేస్టింగ్స్ వెళ్లి అక్కడి వర్క్‌హౌసులో అదే పనికి పెద్దగా నిలబడింది. 1940లో ఒక బడిపంతులుని పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత నవలలు మొదలుపెట్టి, దాదాపు నూరు రాసింది. ఇంగ్లండు గ్రంథాలయాల్లో చాలా ఏళ్ల పాటు జనం అందరికన్నా ఎక్కువగా పట్టుకెళ్లి చదివిన పుస్తకాలు ఈమెవే. ఆ నవలల్లో ఎన్నింటిలోనో తండ్రి పేరు లేని పిల్ల ఒకతె ఉంటుంది. 1969లో ఆత్మకథ రాసినప్పుడు దానికి పెట్టిన పేరు "అవర్ కేట్". మన కేట్ అని. తల్లి అని రాయలేదు, అమ్మ అని రాయలేదు. ఇంట్లో అందరూ పిలిచినట్టే మన కేట్.

తండ్రి దర్జా అయిన మనిషని చిన్నప్పుడు చెప్పగా విని, ఆ ఊహని చాలాకాలం దాచుకుంది కేథరిన్. చివరికి ఆమె జీవితచరిత్ర రాసినావిడ వెతికి పట్టుకున్న మనిషి అలెగ్జాండర్ డేవిస్. స్కాట్లండులోని లానార్క్‌షైర్ వాడు. జూదరి. ఒక భార్య ఉండగానే ఇంకొకరిని పెళ్లి చేసుకున్న మనిషి.

కేథరిన్‌కి రక్తనాళాలకు సంబంధించిన జబ్బు ఒకటి ఉండేది. ముక్కు నుంచి ఊరికే రక్తం కారేది, ఒంట్లో రక్తం తగ్గిపోయేది. అది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. అలాంటి జబ్బుకి వైద్యుడు మొదట అడిగేది "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా" అనే కదా. ఆ ప్రశ్నకి సగం ఇంటి గురించి నోరు మెదపలేని స్థితి ఆమెది. తండ్రి పేరు వెతకడం పరువు కోసమో, ఆస్తి కోసమో అనుకుంటాం. ఒంటికి సంబంధించిన అవసరం కూడా అందులో ఉంటుంది.

ఇక ఆ తిండి ఖర్చు లెక్క సంగతి.

ఇంగ్లండులో పూర్వం బీదవాళ్ల పోషణ బాధ్యత పారిష్‌ది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు. ఊళ్లో ఇల్లూ పొలం ఉన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి, అందులోంచి బీదలకి ఇచ్చేవారు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ ఏ పారిష్‌లో పుడితే ఆ పారిష్ పోషించాలి. అందుకని ఊరి పెద్దలు ఏం చేసేవారంటే, నెలలు నిండిన పెళ్లికాని ఆడమనిషి కనిపిస్తే పొలిమేర దాటించేవారు. నొప్పులు పడుతున్న మనిషిని కూడా బండెక్కించి పక్క ఊళ్లో దింపేసిన సందర్భాలు ఉన్నాయి. పక్క ఊరివాళ్లూ అంతే, ఇంకో ఊరికి తోసేవారు.

దాటించడం కుదరకపోతే తండ్రిని పట్టుకోవాలి. 1576లోనే దీనికి చట్టం వచ్చింది. తల్లి దగ్గర, తండ్రి అని తేలినవాడి దగ్గర బిడ్డ ఖర్చు రాబట్టే అధికారం న్యాయాధికారులకి ఇచ్చారు. 1733 చట్టంతో ఇంకాస్త బిగించారు. ఆమె ప్రమాణం చేసి ఒకడి పేరు చెబితే, వాడు పూచీకత్తు రాసివ్వాలి, లేదంటే జైలు. ఆ పూచీకత్తు కాగితాన్నే బాస్టర్డీ బాండ్ అంటారు. కొన్నిచోట్ల ఊరి అధికారులు ఇంకో తెలివి ఉపయోగించేవారు. ఆ కుర్రవాణ్ణి పట్టుకొచ్చి ఆమెతో పెళ్లి చేసేసేవారు. లైసెన్సుకీ ఉంగరానికీ పెట్టిన ఖర్చు పారిష్ లెక్కల పుస్తకంలో రాసి ఉంటుంది. పెళ్లయితే బిడ్డ వాడి బాధ్యత, ఊరికి పన్ను మిగులు. మరి ఆ కాపురం ఎలా సాగిందో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

నాకు బాగా బాధ కలిగించిన విషయం మంత్రసానులది. పేరు చెప్పని అమ్మాయి చేత పురుటినొప్పుల్లో చెప్పించడం అప్పట్లో మామూలు పద్ధతి. నొప్పులు ముదిరి ప్రాణం పోతుందేమో అనిపించే సమయంలో మంత్రసాని "తండ్రి ఎవరో చెప్పు" అని అడిగేది. ఆ స్థితిలో అబద్ధం చెప్పరని నమ్మకం. తర్వాత ఆమె న్యాయాధికారి ముందుకు వెళ్లి, తాను విన్నది చెప్పేది. పురుడు పోసే చేతులే సాక్ష్యం కూడా లాగేవన్నమాట. పురుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కాబట్టి మనకి దీని మీద వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

కానీ చూడండి, ఇంత కర్కశంగా అడిగారు కాబట్టే 1834కి ముందు కాగితాల్లో తండ్రుల పేర్లు దండిగా దొరుకుతాయి. చర్చి పుస్తకంలో పిల్ల పేరు పక్కన "బేస్ బార్న్" అని రాసి తండ్రి పేరు వదిలేసినా, చర్చిలో కాగితాలు దాచే కొయ్యపెట్టెలోంచి ఆ పూచీకత్తో, తల్లి వాంగ్మూలమో బయటపడుతుంది. అందులో ఆమె ఎవరింట్లో పనికి ఉందో, అతను ఏ ఊరివాడో, ఏ పని చేస్తాడో ఉంటుంది. ఆమె మాట మనకి గుమాస్తా రాతలో వినిపిస్తుంది. అడుగున సంతకం బదులు గుణకారపు గుర్తు. అయితే గుమాస్తాలు తండ్రి అని సూటిగా రాయలేదు, "తండ్రిగా చెప్పబడినవాడు" అనే రాశారు. ఆ జాగ్రత్త మనమూ పాటించాలి.

1834లో కొత్త పూర్ లా వచ్చింది. దానికి ముందు ఒక విచారణ సంఘం నివేదిక రాసింది. ఆడవాళ్లు డబ్బు కోసం మగవాళ్ల మీద తప్పుడు ప్రమాణాలు చేస్తున్నారని, పాత చట్టం ఆడవాళ్లని చెడగొడుతోందని ఆ నివేదిక సారాంశం. అందుకని బిడ్డకి 16 ఏళ్లు వచ్చేదాకా భారమంతా తల్లి మీదే పెట్టారు. తండ్రి మీద దావా వెయ్యాలంటే పారిష్ అధికారులే పెద్ద కోర్టుకి వెళ్లాలి, ఆమె మాట ఒక్కటే చాలదు, వేరే సాక్ష్యం కావాలి. దాంతో అధికారులకి పేరు అడిగే అవసరమే తగ్గిపోయింది. పాత పెట్టెల్లో అంత దండిగా దొరికిన పేర్లు ఇక్కడి నుంచి పలచబడిపోతాయి. 1844లో తల్లి స్వయంగా కోర్టుకి వెళ్లే వీలు ఇచ్చారు. 1872లో వారానికి 5 షిల్లింగుల దాకా ఇప్పించవచ్చన్నారు. ఆ కేసులు కొన్ని స్థానిక పత్రికల్లో నాలుగు ముక్కల్లో పడేవి. ఆ నాలుగు ముక్కల్లో ఈనాటి మునిమనవరాలికి పేరు దొరుకుతుంది.

జనన నమోదు 1837 జులై 1న మొదలైంది. మొదట్లో తల్లి చెబితే తండ్రి పేరు రాసిన గుమాస్తాలు కొందరు ఉన్నారు. 1874 చట్టం వచ్చాక, పెళ్లికాని తల్లి బిడ్డకి తండ్రి పేరు రాయాలంటే ఆ మనిషి ఆమెతో పాటు వచ్చి సంతకం పెట్టాలి. అతను రాకపోతే ఆమె ఎంత చెప్పినా గీతే. ఫ్రాన్సులో అయితే ఇంకా సూటిగా చెప్పారు. 1804 నాటి నెపోలియన్ చట్టంలో తండ్రి ఎవరని కోర్టులో విచారించడమే నిషేధం. 1912 వరకు ఆ గడియ తీయలేదు. అమ్మ నిజం, నాన్న నమ్మకం అనే మాట మనం వింటూ ఉంటాం. ఈ చట్టాలు చదివాక నాకు అనిపించింది, ఆ నమ్మకాన్ని కాపాడటానికి మగవాళ్లు చట్టసభల్లో చాలానే కష్టపడ్డారని.

రాయనివ్వకపోతే తల్లులు ఊరుకున్నారా? బిడ్డ పేరులో దాచారు. పిల్లవాడికి మధ్య పేరుగా తండ్రి ఇంటిపేరు పెట్టడం చాలామంది చేసిన పని. స్కాట్లండులో లాసీమౌత్ అనే ఊళ్లో 1866లో అనే రామ్సే అనే పనిమనిషికి కొడుకు పుట్టాడు. తండ్రి జాన్ మెక్‌డొనాల్డ్, పొలం పనులు చేసే మనిషి. పిల్లవాడి పేరు జేమ్స్ మెక్‌డొనాల్డ్ రామ్సే అని నమోదైంది. ఆ పేర్లు అటూ ఇటూ మారి, అతనే రామ్సే మెక్‌డొనాల్డ్ అయ్యాడు. 1915లో యుద్ధాన్ని వ్యతిరేకించాడన్న కోపంతో హొరేషియో బాటమ్లీ అనే పత్రికాధిపతి తన "జాన్ బుల్" పత్రికలో ఇతని జనన పత్రాన్ని అచ్చువేశాడు. యాభై ఏళ్లకి దగ్గరపడిన మనిషి, పార్లమెంటు సభ్యుడు, తల్లి పడిన నింద దేశమంతా చదువుతుంటే చూడాల్సి వచ్చింది. 1924లో అతను బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. లేబర్ పార్టీ నుంచి మొదటివాడు.

పెళ్లి పత్రాల్లో మాత్రం పేర్లు చూసి వెంటనే నమ్మకూడదు. 1837 నుంచి అక్కడి పెళ్లి రిజిస్టరులో వరుడి తండ్రి, వధువు తండ్రి పేర్లు, వాళ్ల వృత్తులు రాసేవారు. తండ్రి పేరు లేని పిల్ల, కాబోయే అత్తమామల ముందు గడి ఖాళీగా వదలడం ఇష్టంలేక, తాత పేరో, పెంచినవాడి పేరో, ఒక్కోసారి ఊహించుకున్న పేరో చెప్పేది. పక్కన "చనిపోయారు" అని రాయిస్తే ఇక ఎవరూ అడగరు. వెతికేవాళ్లు ఆ లేని మనిషి కోసం ఏళ్లు ఖర్చుపెడతారు. అన్నట్టు, ఆ పెళ్లి రిజిస్టరులో తల్లుల పేర్లకి చోటు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2021 మే 4న. అంతకుముందు 180 ఏళ్లకి పైగా, కని పెంచిన తల్లికి ఆ పుస్తకంలో గడే లేదు.

లండనులో 1741లో తెరిచిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథ శిశువుల ఆశ్రయం ఉండేది. అక్కడి కాగితాలూ ఈ పనికి వస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో బిడ్డని అక్కడ చేర్చాలంటే తల్లి దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి పేరు, వృత్తి, అతన్ని చివరిసారి ఎప్పుడు చూశావు అని అందులో ఉంటుంది. సర్కారు పుస్తకంలో గీత పడిన పేరు, బిడ్డని వదులుకునే కాగితంలో మాత్రం నిండుగా ఉంటుంది.

యుద్ధకాలం వచ్చేసరికి తండ్రి సముద్రం అవతలి మనిషి అయ్యాడు. గిటారు వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ 1945లో ఇంగ్లండులోని రిప్లీ అనే ఊళ్లో పుట్టాడు. తల్లికి 16 ఏళ్లు. తండ్రి కెనడా సైనికుడు, యుద్ధం అయ్యాక వెళ్లిపోయాడు. పిల్లవాణ్ణి పెంచింది అమ్మమ్మ రోజ్, ఆవిడ రెండో భర్త. కన్నతల్లిని అక్క అనుకుంటూ పెరిగాడు. కేథరిన్ కథే మళ్లీ జరిగినట్టు లేదూ? అమ్మమ్మల పేర్లు కూడా ఒకటే. 1998లో ఒక కెనడా పాత్రికేయుడు సైనిక రికార్డులు పట్టుకుని వెతికి, తండ్రి మాంట్రియల్‌కి చెందిన ఎడ్వర్డ్ ఫ్రయర్ అని తేల్చాడు. అప్పటికే ఆయన చనిపోయి 13 ఏళ్లు. ఆయనా సంగీతం వాయించుకుంటూ ఊళ్లు తిరిగిన మనిషేనట.

అమెరికా సైనికుల పిల్లలకి ఈ పాటి కూడా సులువు కాలేదు. సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనంలో 1973 జులైలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, 1912 నుంచి 1960 మధ్య సైన్యం వదిలినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి.

ఇప్పుడు కాగితం లేకపోయినా ఒంట్లో ఉన్నది చదువుతున్నారు. ఉమ్మి పరీక్షకి పంపితే, అదే పరీక్ష చేయించుకున్న వేలు విడిచిన బంధువుల జాబితా వస్తుంది. తల్లితోనో తండ్రితోనో మనకి సగం డీఎన్ఏ కలుస్తుంది. ఒక తండ్రికి వేరే తల్లికి పుట్టినవాళ్లతో సుమారు పావు వంతు, పెదనాన్న, మేనత్త పిల్లల వంటివాళ్లతో ఎనిమిదో వంతు. ముత్తాత ఒకరే అయిన బంధువు అయితే 3 శాతం దగ్గర. తెలివైన పద్ధతి ఏమిటంటే, మొదట తల్లి వైపు బంధువు ఒకరి చేత కూడా పరీక్ష చేయించాలి. మన జాబితాలో ఆవిడకీ కలిసినవాళ్లందరినీ పక్కన పెడితే, మిగిలినవాళ్లలో ఎక్కువమంది తండ్రి వైపు. వాళ్ల వంశవృక్షాలు గీసి, అందరికీ ఉమ్మడిగా వచ్చే ముత్తాత దంపతుల్ని పట్టుకుని, అక్కడి నుంచి కిందికి దిగుతూ, ఆ కాలంలో ఆ ఊళ్లో ఉన్న, తగిన వయసు మగవాడు ఎవరా అని చూడాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఓపికగా చెయ్యాల్సిన పని. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వై క్రోమోజోము ఆడవాళ్లకి ఉండదు కాబట్టి, ఆ పరీక్షకి అన్నదమ్ముల్నే బతిమాలుకోవాలి.

దొరికాక ఏం చెయ్యాలన్నది వేరే సంగతి. అక్కడ ఒక ఇల్లాలు ఉంటుంది, పిల్లలుంటారు. వాళ్లకి ఉత్తరం రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే "మీ నాన్నే మా నాన్న" అని రాయకూడదని నా అభిప్రాయం. తల్లి బతికి ఉంటే ఆమెని అడగకుండా పరీక్షకి వెళ్లడం కూడా నాకు సబబుగా తోచదు. ఆమె ఎందుకు దాచిందో, ఆ దాచడంలో ఏ భయం ఉందో డీఎన్ఏ చెప్పలేదు.

మన దగ్గర తెల్లదొరల కాలంలో ఇది తలకిందులుగా జరిగింది. దొరలకీ ఇక్కడి స్త్రీలకీ పుట్టిన పిల్లల బాప్తిస్మ పుస్తకాల్లో తండ్రి పేరు హోదాతో సహా ఉంటుంది, చాలాచోట్ల తల్లి పేరే ఉండదు. హైదరాబాదు కోఠిలో మహిళా కళాశాలగా ఆడపిల్లలు చదువుకున్న ఆ రెసిడెన్సీ భవనం కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంల పిల్లలు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో పసివాళ్లుగా ఓడెక్కారు. మరుసటి ఏడాది లండనులో బాప్తిస్మం ఇచ్చి విలియం, కేథరిన్ అని పేర్లు మార్చారు. తల్లిని మళ్లీ చూడలేదు. ఆ కూతురు నడివయసులో హైదరాబాదులో ఉన్న అమ్మమ్మకి ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ ఫారసీలో జవాబులు రాయించింది. వెతుక్కునే గడి మారింది, వెతుకులాట అదే.

ఇక ఈనాటి మన దరఖాస్తులు. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అన్నది 1872 నాటి సాక్ష్యాల చట్టం నుంచి వస్తున్న సూత్రం, కొత్త చట్టంలోనూ ఉంచారు. పెళ్లి లేని తల్లి మాత్రం ప్రతి కిటికీ దగ్గరా జవాబు చెప్పుకుంటూ రావాల్సి వచ్చింది. పాన్ కార్డు దరఖాస్తులో, తల్లి ఒంటరిగా పెంచిన బిడ్డ తండ్రి పేరు ఇవ్వనక్కర్లేదన్నది 2018 డిసెంబరు 5 నుంచే.

అంతకు మూడేళ్ల ముందు, 2015 జులై 6న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పెళ్లికాని ఒక తల్లి తన కొడుక్కి తానే సంరక్షకురాలినని గుర్తించమని అడిగింది. తండ్రి పేరు చెప్పు, అతనికి నోటీసు పంపాలి అన్నాయి కింది కోర్టులు. ఆమె చెప్పనంది. చెప్పనక్కర్లేదని, ఇలాంటి తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకి జనన పత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు అన్నది. అయితే తన తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు ఆ బిడ్డకీ ఉంటుంది కదా అని న్యాయమూర్తులు ఆలోచించారు. ఆమెతో మాట్లాడారు. ఆమె వాళ్లకి పేరు చెప్పింది. ఆ పేరూ వివరాలూ ఒక కవరులో పెట్టి సీలు వేశారు. కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప దాన్ని తెరవకూడదు.